పిడి చివర గుండు

కరెంటు పోయింది. లేత్ మీద సగం చెక్కిన షాఫ్టు అలాగే నిలబడిపోయింది. నేను కరెంటాఫీసు వాళ్ళను తాత ముత్తాతలతో సహా తిడుతూ ఉంటే, మా బావ చంకలో పొడుగాటి మూట పెట్టుకుని లోపలికి వచ్చాడు. పాత దుప్పటి చుట్టి, పైన చీర పేలికతో కట్టిన మూట. చూడగానే లోపల ఏముందో నాకు తెలిసిపోయింది.

"ఏంది బావా, కత్తి ఎత్తుకోని బస్సెక్కినావా? కండక్టరు ఏమీ అడగలేదా?"

"అడిగినాడు. చెరుకు గడ అన్నా."

"చెరుకు గడకి దుప్పటి ఎందుకంట?"

"దానికి చలిజొరం అన్నా. నువ్వు వాగింది చాలు గాని, తలుపు మూసి దీన్ని చూడు."

మా బావ పేరు సుందరరాజులు. మా అక్క వనజాక్షి మొగుడు. పాండూరులో సేద్యం. నాది తిరువళ్లూరులో స్టేషనుకు పోయే దారిలో లేత్ షాపు. మా వాళ్ళు దాన్ని అరవంలో పట్టరై అంటారు. మోటారు షాఫ్టులు, పంపుల బుష్షులు, ట్రాక్టరు పిన్నులు, ఇదీ నా బతుకు. కత్తులకూ నాకూ ఏ సంబంధమూ లేదు, ఈ ఒక్క కత్తితో తప్ప.

అది బావ వాళ్ళ వంశం కత్తి. రాయలకాలంలో వాళ్ళ పెద్దలు దండుతో ఈ పక్కకు వచ్చారనీ, దండు వెనక్కి పోయినా వాళ్ళు పోక ఇక్కడే నాగలి పట్టారనీ చెప్పుకుంటారు. అందులో నిజమెంతో ఆ పెరుమాళ్ళకే ఎరుక. కత్తి మాత్రం నిజం. ఏడాదంతా దేవుడి గూట్లో ఉంటుంది. దాన్ని వాళ్ళు అమ్మ అనే అంటారు. ఆయుధపూజ రోజు బయటికి తీసి, ఇంటి పెద్ద దాన్ని ఒంటిచేత్తో ఎత్తి, వాకిట్లో పెట్టిన బూడిదగుమ్మడికాయను ఒక్క వేటుకు రెండు చెక్కలు చెయ్యాలి. చేస్తే కత్తి ఆ ఇంట్లోనే ఉంటుంది. చెయ్యలేకపోతే ఆ రోజే దాయాదుల ఇంటికి వెళ్ళిపోతుంది. పోయింది మళ్ళీ తిరిగి రాదు. బావ వాళ్ళ నాయన పోవడానికి ముందటి ఏడు కూడా కాయ కొట్టాడు. కొట్టి, కత్తి తుడిచి, బావ చేతికిచ్చి, ఆ తర్వాతే మంచం ఎక్కాడు.

"గుండు చిన్నదైపోయింది రా. పెద్దది చెయ్యాల," అన్నాడు బావ.

గుండు అంటే పిడి చివర ఉండే ఇనప ముద్ద. నిమ్మకాయంత ఉంటుంది.

"ఇన్ని తరాలుగా చిన్నది కానిది ఇప్పుడెట్ల చిన్నదయ్యింది?"

"చేతిలోంచి జారతా ఉండాది."

నేను అంతకు ముందు ఆ కత్తిని దూరం నుంచి దండం పెట్టుకుందే గాని చేత్తో ముట్టింది లేదు. ఆ రోజు పట్టుకున్నాను. ముందుకు చాపితే మొన నేలను చూస్తుంది, మణికట్టు లాగుతుంది. వెనక ఆ గుండు ఉండబట్టి కొంత నయం. తక్కెడలో ఒక తట్టలో బియ్యం ఉంటే రెండో తట్టలో రాయి ఉండాలి కదా, గుండు ఆ రాయి. గట్టిగా విసిరినప్పుడు పిడి ముందుకు జారిపోకుండా చిటికెనవేలి కింద అడ్డు నిలిచేదీ అదే. అసలు కత్తిని కత్తిగా కట్టి ఉంచేదే అది. అలుగు, అంటే పిడి లేని ఉత్త కత్తిరేకు, దాని వెనకాల సన్నటి తోక ఒకటి ఉంటుంది. అది కట్టె పిడిలోంచి దూరి, గుండుకున్న తూటులోంచి కూడా దూరి, అవతలికి కాస్త పొడుచుకొస్తుంది. ఆ కొసను సుత్తితో కొట్టి, మేకు తలలాగా పరిచేస్తారు. అంతే, మర లేదు, జిగురు లేదు.

వచ్చిన చిక్కేమిటంటే, గుండు మార్చాలంటే ఆ పరిచిన కొసను అరగదీసి ఊడదియ్యాలి. కొత్తది ఎక్కించాక మళ్ళీ కొట్టి పరవడానికి కొత్తగా కాస్త తోక కావాలి. మార్చిన ప్రతిసారీ తోక తరుగుతుంది.

"వెల్డింగు పెట్టేస్తా బావా, జన్మలో ఊడదు."

"అమ్మకి నిప్పు పెడతావా రా, ఎదవా?" అని కళ్ళెర్రజేశాడు. మర చెక్కుతానన్నా ఒప్పుకోలేదు. వాళ్ళ పెద్దలు ఎట్లా కొట్టారో అట్లాగే కొట్టాలట.

టీ తెప్పించాను. బావ గ్లాసును రెండు చేతులా పట్టుకున్నాడు. "తీర్థం తీసుకుంటా ఉండావా ఏంది?" అని ఆట పట్టించాను. మామూలుగా అయితే నా మీద ఇంకో మాట వేసేవాడు. ఆ రోజు గ్లాసు కింద పెట్టి, కుడిచెయ్యి నా ముందు బల్ల మీద పరిచాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ లేదు. అక్కడ గుంట పడి, తోలు లోపలికి దిగి ఉంది. నాగలి పట్టిన చెయ్యి అది.

"ఎన్నాళ్ళుగా?"

"చొక్కా గుండీలు పట్టనప్పటినించి. మొదట్లో ముసలితనం అనుకున్నా."

"అక్కకి తెలుసా?"

"ఆమెకి తెలిసిందంటే నిన్ను నరుకుతా. కత్తి ఎట్లా నీ కాడే ఉండాది."

నవ్వాడు. ఇంకేం చెయ్యాలో తెలియక నేనూ నవ్వాను.

మరుసటి వారం మద్రాసు తీసుకుపోయాను. పెద్ద ఆసుపత్రి. సూదులు గుచ్చారు, కరెంటు పెట్టారు, స్కాన్లు తీశారు. డాక్టరు చిన్నవాడు. బావను బయట కూర్చోబెట్టి నన్ను ఒక్కణ్ణే పిలిచాడు. నరాల జబ్బు అన్నాడు. "ఇదుక్కు మరుందు ఇల్లై సార్," అని, నాకు అరవం అర్థం కాదేమో అన్నట్టు మళ్ళీ ఇంగ్లీషులో చెప్పాడు, దీనికి మందు లేదు అని. చెయ్యి, తర్వాత భుజం, తర్వాత కాళ్ళు. ఆ తర్వాత మాట, మింగడం, ఊపిరి. నేను అరిచాను. ఇంత మేడ కట్టుకుని, ఇన్ని మిషన్లు పెట్టుకుని, మందు లేదని చెప్పడానికి సిగ్గు లేదా అన్నాను. ఆ పిల్లవాడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తల వంచుకుని విన్నాడు. తిరిగి తిట్టి ఉంటే నాకు కొంచెం ఆశ మిగిలేదేమో.

తిరుగు రైల్లో ఆవడి దాటాక జనం పలచబడ్డారు. బావ కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నాడు రా?"

"సత్తువ మాత్రలు రాసినాడు. నిదానంగా తగ్గతాదంట."

"అబద్ధం చెప్పేటప్పుడు నీ చెవులెర్రబడతాయి లోకూ. చిన్నప్పటినించి అంతే." తిరునిన్రవూరు వచ్చింది. రైలు ఆగింది, కదిలింది. అప్పుడు అడిగాడు. "ఆయుధపూజ దాకా ఉంటాదా చెయ్యి? అదొక్కటి చెప్పు."

"ప్రాణం సంగతి అడక్కుండా చేతి సంగతి అడిగేది నువ్వొక్కడివే బావా."

"ప్రాణం పొయ్యేటప్పుడు పోతాది. ఆ కత్తి ఇంట్లో ఉన్నంతకాలం నేను సుందరరాజుల్ని. అది గడప దాటిందంటే నేను చాపలో చుట్టి మూల పెట్టిన మూట. జనం వస్తారు, అయ్యో అంటారు, కాఫీ తాగి పోతారు. ఈ ఒక్క యేడు కొట్టనీ రా నన్ను. పై యేడు సంగతి నేనడగను."

ఆ మాట మీద నేను గుండు చెక్కడం మొదలుపెట్టాను.

మొదటిది బత్తాయంత. పాతదాని ఆకారమే, కొంచెం పెద్దది. గ్రైండరు పెట్టి తోక కొసను అరగదీశాను. ఎన్ని తరాల కిందటి సుత్తి దెబ్బ అది, నేను తీసేస్తున్నానే అనిపించింది. కొత్తది ఎక్కించి, తోక పరిచి, బావకిచ్చాను. ఎత్తాడు. మొన కొంచెం లేచింది. కాని గుండ్రంగా ఉండడం వల్ల అరచేయి దాని మీద నుంచి జారిపోయింది. కత్తి నా షాపు గచ్చు మీద పడి ఖంగుమంది. బావ దాన్ని రెండు చేతులా తీసి కళ్ళకద్దుకుని, తప్పయిపోయింది తల్లీ అన్నాడు.

రెండోది మా జనని పుణ్యం. జనని బావ కూతురు, ఆవడి పక్కన కాలేజీలో చదువుతుంది. నాయనకు ముసలితనంలో పాత సామాన్ల పిచ్చి పట్టిందని దాని నమ్మకం. ఒకరోజు రైలు దిగి నా షాపుకు వచ్చి ఫోను చూపించింది. పడమటి దేశాల పాత రాజుల కత్తులు. పిడుల చివర ఎన్ని రకాల గుండ్లో! ఒకటి బండిచక్రంలా ఉంది, ఒకటి చేప తోకలా చీలి ఉంది, ఒకటి ఒలవని జీడిగింజలా ఉంది.

"ఇవి ఉత్త సోకు కాదంట మామా. కత్తి పట్టేవాడి చేతికి తగినట్టు చేసేవాళ్ళంట. చెయ్యి ఆనేదానికి, బరువు వెనక్కి లాగేదానికి. మరీ దగ్గరికొస్తే దాంతోనే మూతి మీద గుద్దేవాళ్ళంట."

"మూతి మీద గుద్దేది నాకిష్టం. ఆ చక్రం మాదిరిది ఇంకొంచెం పెద్దగా చూపించు."

చక్రాన్నే చెక్కాను. బిళ్ళలాగా బల్లపరుపుగా, అంచులు ఏటవాలుగా, మణికట్టుకు గుచ్చుకోకుండా. మళ్ళీ కొస అరగదీశాను. మళ్ళీ కొట్టాను. ఈసారి పని చేసింది! అరచేయి మడమ ఆ బిళ్ళకు ఆనుకుంది. వేళ్ళు పట్టలేని పట్టు ఆ బిళ్ళ పట్టింది. షాపు వెనకాల అరటిబోదెలు నిలబెట్టాను. బావ ఎత్తాడు, వేశాడు. బోదె చప్పుడు లేకుండా రెండయింది. ఇంకోటి పెట్టమన్నాడు. అదీ రెండయింది. చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

"చూసినావా రా బామ్మర్దీ! నీ డాక్టరు నెత్తిన కొట్టినా."

"కొట్టినావు బావా, కొట్టినావు."

ఆ సాయంత్రం ఇద్దరమూ వేడివేడి బజ్జీలు తిన్నాం. తగ్గిపోతుందేమో అని నాకూ అనిపించింది. ఎందుకు అబద్ధం చెప్పాలి, నిజంగా అనిపించింది. డాక్టర్లకు ఏం తెలుసు, ఇనుముకు తెలిసినంత తెలియదు అనుకున్నాను.

నవరాత్రి దగ్గరపడేసరికి భుజం దిగిపోయింది. చెయ్యి మోచేతి దాకా సన్నబడింది. గ్లాసు పోయింది, దువ్వెన పోయింది. ఫోను చెవి దగ్గర పెట్టుకోలేక, మంచం మీద పడేసి స్పీకరు పెట్టి మాట్లాడడం మొదలుపెట్టాడు. ఒకరోజు నా షాపుకు వచ్చి ఎత్తి చూస్తే, చక్రం బిళ్ళతో కూడా కత్తి మొన లేవలేదు. ఇంకా బరువు వెయ్యాలి వెనక. బిళ్ళను తొలిచి లోపల సీసం పోస్తే మొన లేస్తుంది. కాని గుండు బరువును మాయం చెయ్యదు, చేతికి తెలియకుండా దాస్తుంది. దాచిన బరువంతా భుజం మొయ్యాలి. అది నాకు తెలుసు. తోక ఇంకొక్కసారికే మిగిలి ఉందనీ తెలుసు. అయినా వేరే దారి లేక ఫోను చేశాను.

"బావా, ఆయుధపూజ లోపల ఇంకొక గుండు కొట్టాల్సిందే. కొట్టకుంటే నీ చెయ్యి నిలబడదు."

"ఈ ఒక్క గుండుతో నా కష్టం తీరిపోవాల రా."

"తీరతాదిలే. అక్కకి మాత్రం తెలియనీయొద్దు."

"ఆమె పాలు పితకను పోయింది. చెప్పు."

పాలు పితకను పోయిన మనిషి వచ్చి తలుపు అవతల నిలబడి ఉందని మాకు ఎట్లా తెలుస్తుంది?

ఆయుధపూజ రోజు పొద్దున్నే నా మిషన్లకు పసుపు కుంకుమ పెట్టి, బొరుగులు పంచి, కత్తి తీసుకుని పాండూరు పోయాను. సీసం పోసిన గుండు ఎక్కించి ఉంది. తోక బయటికి వచ్చింది వడ్లగింజంత. దాన్నే కొట్టి, లాగి, ఎట్లాగో పరిచాను. అది పరిచింది కాదు, బతిమాలుకున్నది. ఒక్క వేటుకు నిలబడితే చాలు అనుకున్నాను.

వాకిట్లో ముగ్గు వేసి, గుమ్మడికాయకు పసుపు పూసి పెట్టి ఉన్నారు. దేవేంద్రన్ భార్యతో వచ్చి ఉన్నాడు. బావకు దాయాది, వరసకు తమ్ముడు. ఆవడిలో ఉద్యోగం. మంచివాడు, అదే నాకు మంట. చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు. కత్తి పోతే అతని ఇంటికే పోతుంది. అతనికి అది అక్కర్లేదు కూడా.

"అక్క యాడ?" అన్నాను.

"తెల్లారతానే జననిని పిలుచుకోని తిరుత్తణి కొండకి పోయింది," అన్నాడు బావ. "ఏదో మొక్కుబడంట. ఏమి మొక్కో నాకు చెప్పలేదు. పోనీలే, ఆమె లేనప్పుడే కొట్టేస్తే నాకూ నిమ్మళం. చెయ్యి చూసిందంటే కనుక్కుంటాది."

దేవేంద్రన్ అడ్డుపడ్డాడు. "వదిన లేకుండా ఎట్ల అన్నా? దీపం ఆమె కదా ఎత్తాల. రానీ."

రాహుకాలం వచ్చేలోపల కొట్టాలి. చూశాం, చూశాం. ఎండ వాకిట్లోకి దిగింది. బావ ఇంక ఆగనన్నాడు. నేను కత్తిని అతని చేతిలో పెట్టి, అరచేయి మడమను గుండుకు ఆనించి, వేళ్ళను ఒకటొకటే మడిచాను. దేవేంద్రన్ అది చూశాడు. చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. అతనికి అప్పుడే అర్థమైంది.

బావ ఎత్తాడు. ఎట్లా ఎత్తాడో నాకు తెలియదు. భుజం వణుకుతూ ఉంది, మెడ నరాలు తేలి ఉన్నాయి, కాని మొన లేచింది. గుండు దాని పని అది చేసింది. ఒక్క క్షణం కత్తి నిటారుగా నిలబడింది. కొట్టేస్తాడు, ఈ ఏడు గట్టెక్కేస్తాడు అనుకున్నాను.

అప్పుడు గేటు చప్పుడైంది.

అక్క వచ్చింది. వెనకాల జనని, ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. అక్క తల నున్నగా ఉంది. నెత్తి మీద గంధం పూసి ఉంది. మోకాళ్ళ దాకా ఉండే జడ అక్కది, పెళ్ళినాడు మా అమ్మ దాన్ని అల్లలేక అల్లలేక అల్లింది. మా ఆడవాళ్ళు ఏ కొండకు పోయినా మూడు కత్తెరలు ఇచ్చి వస్తారు గాని పూర్తిగా తియ్యరు. అది మొగుడు పోయినవాళ్ళకని మా పాతవాళ్ళ లెక్క. దేవేంద్రన్ భార్య నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

కత్తి మొన నేలకు దించి బావ అడిగాడు. "ఎవరు పోయినారే?"

"ఎవరూ పోలేదు. ఎవరూ పోరు. నీ మొక్కుబడి నేను తీర్చినా."

"నాకేం మొక్కుబడి?"

"నాకు తెలీదనుకున్నారా మీరిద్దరూ? నీ చొక్కా గుండీలు పెట్టేదెవరు? నీ కంచంలో ముద్ద చిన్నదైతే నాకు కనపడదా? నువ్వు చెప్తావులే, నీ నోటితో నువ్వే చెప్తావులే అని కాచుకోనుండా. అప్పురం ఆ రోజు ఫోనులో విన్నా. ఆయుధపూజ లోపల గుండు కొట్టాల్సిందే, లేకుంటే చెయ్యి నిలబడదు అని వీడు చెప్పినాడు. ఈ ఒక్క గుండుతో నా కష్టం తీరిపోవాల అని నువ్వన్నావు. నీకు కొండెక్కేదానికి శక్తి లేదు, నాకు చెప్పేదానికి మనసు రాలేదు. అందుకని నేనే పోయినా."

జనని ఏడుస్తూనే అంది. "మూడు కత్తెరలు చాలుమా అని కాళ్ళు పట్టుకున్నా నాయనా. వినలేదు."

"అక్కడ కొట్టేటాయన కూడా అడిగినాడు, మొట్టైయా పూముడియా, మొత్తమా మూడు కత్తెరలా అని," అంది అక్క. "నేనూ ఆలోచించినా. చిన్న జబ్బయితే మీరు నా కాడ దాస్తారా? ఇంత దాచినారంటే అది పెద్దదే. పెద్దదానికి మూడు కత్తెరలు ఇస్తే సామి ఒప్పుకుంటాడా? మొత్తం తీసెయ్యమన్నా."

బావ నన్ను చూశాడు. నేను నేల చూశాను. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. ఆయన కళ్ళల్లో కోపం కూడా లేదు. తాను బతికి ఉండగానే తన పెళ్ళాం బోడితలను చూసేశాడు.

"పక్కకి పోండి," అని మళ్ళీ ఎత్తాడు.

వేశాడు. ఉన్న సత్తువంతా పెట్టి వేశాడు. కత్తి గుమ్మడికాయలో సగం దాకా దిగి ఆగిపోయింది. అదే అదురుకు నేను పరిచిన ఆ వడ్లగింజంత కొస ఊడింది. గుండు ఎగిరిపోయింది. పిడి బావ చేతిలోంచి జారి కింద పడింది. చెయ్యి మాత్రం అలాగే ఉంది గాలిలో, పట్టుకున్నట్టే, ఏమీ లేకుండా. గుండు ముగ్గు మీద దొర్లుకుంటూ పోయి అక్క పాదాల దగ్గర ఆగింది.

దేవేంద్రన్ ముందుకొచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "ఇంకో వేటు వెయ్యన్నా. మేమెవ్వరమూ చూడలేదు. నేను ఎవరికీ చెప్పను."

"అమ్మ చూసింది," అన్నాడు బావ. "ఎత్తుకోని పో, దేవేంద్రా."

"నాకొద్దన్నా."

"వద్దనేదానికి నువ్వెవరు? ఎత్తుకో."

దేవేంద్రన్ కత్తిని కాయలోంచి లాగాడు. పిడి కిందే ఉండిపోయింది, అలుగు ఒక్కటే వచ్చింది. భార్య కొంగు చాపింది. అందులో చుట్టుకుని ఇద్దరూ ఏడుస్తూ వెళ్ళిపోయారు. గెలిచి ఏడ్చేవాళ్ళను నేను అదే మొదటిసారి చూడడం.

బావ అరుగు మీద కూర్చున్నాడు. అక్క వంగి గుండు తీసుకుంది. బరువుకు చెయ్యి కిందికి లాగింది.

"ఏంది లోకూ ఇది?"

"గుండక్కా."

"ఏం గుండు?"

"కత్తి గుండు. పిడి చివర ఉండేది. మేము ఫోనులో మాట్లాడుకుంది దీని గురించే."

అక్క దాన్ని తిప్పి తిప్పి చూసింది. రెండో చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది. ఎండిన గంధం రాలి భుజం మీద పడింది. ఆ ఇనప ముద్దతో నా బుర్ర బద్దలు కొడుతుందని కాచుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు.

"మళ్ళా బిగించలేవా దీన్ని?"

"తోక అయిపోయిందక్కా. ఇంగ పట్టేదానికి ఏమీ మిగల్లేదు."

"ఏమీ లేదా?"

"లేదు."

అక్క పోయి బావ పక్కన అరుగు మీద కూర్చుంది. ఆయన కుడిచెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. అరచేతిలో గుండు పెట్టి, వేళ్ళను ఒకటొకటే మూసింది. చెయ్యి తీసింది. వేళ్ళు విచ్చుకున్నాయి. గుండు ఆమె ఒళ్ళోకి దొర్లింది. మళ్ళీ మూసింది, ఈసారి తన చెయ్యి తియ్యలేదు.

బావ ఆమె తల వైపు చూడలేక గుమ్మడికాయను చూస్తూ అన్నాడు. "అంత జుట్టు పోగొట్టుకున్నావు కదే, పిచ్చిదానా. ఒక ఇనప గుండు కోసరం."

"నా జుట్టుకేం," అంది అక్క, ఒళ్ళోని చెయ్యిని చూస్తూ. "నా జుట్టు మళ్ళా మొలుస్తాది."